పార్కిన్సన్స్‌కి మంచి స్పెషలిస్టును ఎంచుకోవడం ఎలా?

"పార్కిన్సన్స్ అంటున్నారు, ఇప్పుడు ఎవరికి చూపించాలి?" నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "మంచి డాక్టర్ పేరు ఒకటి చెప్పండి చాలు." పేరు చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ ఎవరికో బాగా కుదిరిన ఆ డాక్టర్ మీకు ఆరు నెలలకోసారి ఐదు నిమిషాలు మాత్రమే దొరికితే ఆ పేరుతో ఏం లాభం? వణుకు, బిగువు తెచ్చి కదలికలను నెమ్మదింపజేసే ఈ మెదడు జబ్బుతో చాలామంది పది, ఇరవై ఏళ్లు గడపాల్సి ఉంటుంది. అన్నాళ్లూ మందులు, మోతాదులు, టైములు మారుతూనే ఉంటాయి. అందుకే పేరుప్రతిష్ఠల కన్నా రెండు విషయాలు ముఖ్యం. గదిలో మిమ్మల్ని ఏ తీరున పరీక్షిస్తున్నారు? ఇంటికి వచ్చాక ఇబ్బంది పడితే ఎవరు పలుకుతారు? ఈ రెండూ ఎలా కనిపెట్టాలో వరసగా చెబుతాను.

నేను డాక్టర్‌ని కాదు. కింద కొన్ని మందుల పేర్లు వస్తాయి. వాటి గురించి మీ డాక్టర్‌ని అడగండి. మీ అంతట మీరు మొదలుపెట్టడం, మానేయడం మాత్రం చేయకండి.

అసలు స్పెషలిస్ట్ దాకా వెళ్లాలా అని కొందరి సందేహం. వెళ్లాలి. అమెరికాలో మెడికేర్ (అక్కడి వయసు పైబడినవారి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రికార్డుల ఆధారంగా 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టర్) చూస్తున్న పార్కిన్సన్స్ పేషెంట్లకు తుంటి ఎముక విరగడం, సంరక్షణ కేంద్రాల్లో చేరాల్సి రావడం తక్కువగా కనిపించాయి. వాళ్లు ఎక్కువ కాలం బతికారు కూడా.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

చేతులూపుకుంటూ వెళితే ఎంత గొప్ప డాక్టరైనా ఊహించి మందు రాయాల్సిందే. కాబట్టి ఇవి తయారుగా పెట్టుకోండి.

మందుల జాబితా. బ్రాండ్ పేరుతో పాటు జెనరిక్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ టైముకి వేసుకుంటున్నారు అన్నవి రాయండి. "రోజుకు మూడుసార్లు" అని రాస్తే చాలదు, "ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 7" అని ఉండాలి. గత ఏడాదిలో వాడి మానేసిన మందులు కూడా చేర్చండి. ముఖ్యంగా వాంతులకు, తల తిరగడానికి, నిద్రకు, మానసిక సమస్యలకు వాడినవి. మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్, ఫ్లూనారిజిన్, సిన్నారిజిన్ లాంటి మందుల వల్లే అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావొచ్చు. అలాంటప్పుడు అసలు చికిత్స ఆ మందును ఆపడమే.

లక్షణాల వరస. ఒక పేజీ మించొద్దు. ఏ చేయి, ఏ కాలు ముందు మొదలైంది, ఏ ఏడాది? వాసన తెలియడం ఎప్పుడు తగ్గింది? మలబద్ధకం ఎప్పటినుంచి? నిద్రలో అరవడం, చేతులు విసరడం ఉందా? ఇవి వణుకు కంటే ఏళ్ల ముందే రావొచ్చు. సంబంధం లేదనుకుని చాలామంది చెప్పరు.

వీడియోలు. కుర్చీలోంచి లేవడం, పది అడుగులు నడవడం, వెనక్కి తిరగడం, సంతకం పెట్టడం. ఒక్కోటి నిమిషం చాలు. మందు బాగా పనిచేస్తున్నప్పుడు ఒకటి, పని తగ్గినప్పుడు ఒకటి తీయండి. డాక్టర్ ముందు కూర్చోగానే మనిషి ఎక్కడలేని ఓపికా తెచ్చుకుని బాగా నడిచేస్తాడు. ఇంట్లో వాళ్లు "అయ్యో, ఇంట్లో ఇలా ఉండదండీ" అంటారు. ఆ మాటకు వీడియో ఉంటే బలం.

పాత స్కాన్లు, రక్త పరీక్షలు. రిపోర్ట్ కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి, స్కాన్ బొమ్మల సీడీ గానీ ఫిల్మ్ గానీ ఉండాలి.

మూడు రోజుల డైరీ. దీని గురించి రెండో అడుగు తర్వాత విడిగా చెబుతాను.

చివరగా, తోడు వచ్చే మనిషి. కారు నడిపే మనిషి కన్నా, రాత్రి అదే గదిలో పడుకునే మనిషి అయితే ఇంకా మంచిది. నిద్ర సంగతులు వాళ్లకే తెలుస్తాయి.

అడుగు 1: ఏ రకం డాక్టర్ కావాలో తేల్చుకోండి

న్యూరాలజిస్టులందరూ పార్కిన్సన్స్ చూస్తారు. కానీ కొందరు న్యూరాలజీ తర్వాత ఇంకో ఏడాది రెండేళ్లు కదలికల జబ్బుల్లోనే ప్రత్యేక శిక్షణ తీసుకుంటారు. వాళ్లని మూవ్‌మెంట్ డిజార్డర్స్ స్పెషలిస్ట్ అంటారు. మీరు వెతకాల్సింది ఈ మాట కోసమే. న్యూరోసర్జన్ వేరు. ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆయన వస్తాడు, మొదటి విజిట్‌కి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు.

జబ్బు మొదట్లో ఉండి, మందు బాగా పనిచేస్తుంటే, శ్రద్ధగా చూసే మామూలు న్యూరాలజిస్ట్ సరిపోతాడు. ఈ కింది వాటిలో ఒక్కటి ఉన్నా కనీసం ఒకసారైనా మూవ్‌మెంట్ డిజార్డర్స్ స్పెషలిస్ట్‌కి చూపించాల్సిందే:

- 50 ఏళ్ల లోపే మొదలవడం. చికిత్స ఉన్న విల్సన్స్ అనే వేరే జబ్బు కూడా చిన్న వయసులో ఇలాగే కనిపించొచ్చు. దాన్ని రక్తం, మూత్రం, కంటి పరీక్షలతో పట్టుకోవచ్చు.
- మొదటి రెండు మూడేళ్లలోనే తరచూ తూలి పడిపోవడం.
- లేవగానే కళ్లు బైర్లు కమ్మడం, మూత్రం ఆపుకోలేకపోవడం మొదట్లోనే తీవ్రంగా ఉండడం.
- కళ్లు పైకీ కిందకీ తిప్పలేకపోవడం.
- మందు మొదలుపెట్టినా ఏమాత్రం తేడా లేకపోవడం.
- మందు వేసుకున్నాక రెండు మూడు గంటలకే దాని పని అయిపోవడం, లేదా ఒళ్లు అదుపు లేకుండా మెలికలు తిరగడం.
- ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తడం.

అడుగు 2: పేర్లు ఎక్కడ వెతకాలి

ఇంటర్నేషనల్ పార్కిన్సన్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ అనే అంతర్జాతీయ సంఘం ఉంది. ఈ రంగంలో పనిచేసే డాక్టర్లు అందులో సభ్యులుగా ఉంటారు. అమెరికాకు చెందిన పార్కిన్సన్స్ ఫౌండేషన్ కొన్ని ఆసుపత్రులను 'సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్'గా గుర్తిస్తుంది. వాటిలో ఇతర దేశాల కేంద్రాలు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 2004లో మొదలైన పార్కిన్సన్‌నెట్ అయితే ఈ జబ్బులో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులను, స్పీచ్ థెరపిస్టులను కూడా ఒక జాబితాలోకి తెచ్చింది. మీ దగ్గర అలాంటిది ఉందేమో చూడండి.

అలాంటివి అందుబాటులో లేకపోతే మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి, "పార్కిన్సన్స్ క్లినిక్ విడిగా ఏ రోజు నడుస్తుంది?" అని అడగండి. విడిగా ఒక రోజు ఉందంటే అక్కడ ఆ పని రోజూ చేసేవాళ్లు ఉన్నట్టే. ఇంకో మంచి దారి ఉంది. బాగా పనిచేసే ఫిజియోథెరపిస్టును అడగండి. ఏ డాక్టర్ పంపిన పేషెంట్లు మెరుగ్గా నడుస్తున్నారో వాళ్లు రోజూ చూస్తుంటారు. పేషెంట్ల సపోర్ట్ గ్రూపులు ఉంటే వాటిలోనూ అడగొచ్చు. కానీ "ఎవరు బెస్ట్?" అని అడిగితే ఎవరికి నచ్చిన పేరు వాళ్లు చెబుతారు. "మధ్యలో ఇబ్బంది వస్తే ఎవరు ఫోన్ ఎత్తుతున్నారు?" అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది.

జాగ్రత్త: "పూర్తిగా నయం చేస్తాం" అన్న ప్రకటన కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు గానీ, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ గానీ నేటికి లేదు. పరిశోధన ట్రయల్స్ జరుగుతున్నాయి, నిజమే. కానీ అసలైన ట్రయల్‌లో ఆ చికిత్సకు సాధారణంగా మీ దగ్గర డబ్బు తీసుకోరు.

డైరీ ఎలా రాయాలి

మూడు రోజులు చాలు, వరసగా ఉండాల్సిన పనిలేదు. రోజును అరగంటల గళ్లుగా గీసుకోండి. ప్రతి గడిలో ఒక్క అక్షరం: బాగా కదులుతుంటే 'బా', నెమ్మదించి బిగుసుకుపోతే 'బి', ఒళ్లు మెలికలు తిరుగుతుంటే 'మె', నిద్రలో ఉంటే 'ని'. మందు వేసుకున్న గడిలో చుక్క, భోజనం చేసిన గడిలో గీత. ఉదాహరణకు ఒక ఉదయం ఇలా ఉంటుందనుకోండి: 6.30 బి, 7.00 చుక్క బి, 7.30 బి, 8.00 గీత బా, 8.30 బా, 9.00 బా, 9.30 బా, 10.00 బి, 10.30 బి, 11.00 చుక్క బి. తెలిసిన డాక్టర్ ఈ ఒక్క వరస చూడగానే చెప్పేస్తారు: మందు పట్టడానికి గంట పడుతోంది, రెండు గంటలే పనిచేస్తోంది, తర్వాతి డోసు ఆలస్యంగా పడుతోంది. "అప్పుడప్పుడు బాగానే ఉంటుందండీ, అప్పుడప్పుడు ఉండదు" అని అరగంట చెప్పినా ఇంత స్పష్టంగా అర్థం కాదు.

పేషెంట్ రాయలేకపోతే ఇంట్లోవాళ్లు రాయండి, కానీ పేషెంట్‌ని అడిగి రాయండి. బయటికి కదలికలు బాగున్నట్టు కనిపిస్తున్నా లోపల ఆందోళన, నొప్పి మొదలై ఉండొచ్చు. అది కూడా మందు తగ్గిపోతున్న గుర్తే.

అడుగు 3: అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్‌లో అడగండి

క్లినిక్ రిసెప్షన్‌లో అడిగేవి నాలుగే. మొదటి విజిట్‌కి ఎంత సమయం ఇస్తారు? తర్వాతి విజిట్లలో అదే డాక్టర్ చూస్తారా? మధ్యలో మందుల గురించి సందేహం వస్తే ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది? ఫిజియో, స్పీచ్ థెరపీ అక్కడే ఉన్నాయా, వేరే చోటికి పంపుతారా?

మూడో ప్రశ్నకు "మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకుని రండి" అన్న ఒక్క జవాబే వస్తే, నా లెక్కలో ఆ క్లినిక్‌కి సగం మార్కులు పోయినట్టే. కొత్త మందు మొదలుపెట్టిన మొదటి వారాల్లోనే వాంతులు, కళ్లు తిరగడం, లేనివి కనిపించడం లాంటివి రావొచ్చు. అప్పుడు పలికేవాళ్లు లేకపోతే పేషెంట్ మందు మానేస్తాడు, ఆ మాట ఆరు నెలల తర్వాత గానీ డాక్టర్‌కి తెలియదు.

ఇంకో మాట కూడా అడగండి: "ఆ రోజు మందు వేసుకుని రావాలా, వేసుకోకుండా రావాలా?" వాళ్లు చెప్పకుండా మీరే మానేసి వెళ్లకండి.

అడుగు 4: గదిలోకి వెళ్లాక

మొదటి రెండు నిమిషాల్లోనే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్న మూడు విషయాలు చెప్పేయండి. కాగితం మీద రాసుకుని చదివినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆఖరున లేచి తలుపు దగ్గర "అన్నట్టు, మొన్న రెండుసార్లు పడిపోయారు" అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ మాటే మొదట రావాలి. చివరి డోసు ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా చెప్పండి.

చేతులు సులువుగా పైకి మడవగలిగే బట్టలు, రోజూ వేసుకునే చెప్పులు వేసుకెళ్లండి.

అడుగు 5: డాక్టర్ ఏం చేస్తున్నారో గమనించండి

అసలు పరీక్ష ఇక్కడే, అదీ డాక్టర్‌కి. పార్కిన్సన్స్‌ని ఇప్పటికీ ప్రధానంగా కంటితో చూసి, చేత్తో తాకి నిర్ధారిస్తారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు ఆరుగురి గురించే చెప్పాడు. వాళ్లలో కొందరు ఆయనకు వీధిలో కనిపించినవాళ్లే. రెండొందల ఏళ్లు దాటినా చూపు విలువ తగ్గలేదు.

మంచి పరీక్షలో ఇవి కనిపించాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమని, అంకెలు వెనక్కి లెక్కపెట్టమంటారు. మనసు వేరే పనిలో పడగానే దాక్కున్న వణుకు బయటపడుతుంది. బొటనవేలు, చూపుడువేలు వెడల్పుగా తెరుస్తూ మూస్తూ త్వరత్వరగా తట్టమంటారు. మొదట బాగా తెరుచుకున్న వేళ్లు రానురాను తక్కువ తెరుచుకుంటాయా, మధ్యలో ఆగుతాయా అన్నది చూస్తారు. ఒక చేతి మణికట్టును మెల్లగా తిప్పుతూ, రెండో చేతిని తెరిచి మూయమంటారు, బిగువు తెలియడానికి. కళ్లను పైకీ కిందకీ తిప్పించి చూస్తారు. వరండాలోకి తీసుకెళ్లి నడిపిస్తారు. ఏ చెయ్యి ఊగడం లేదు, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయి అని గమనిస్తారు. వెనక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టి ఒక్క లాగు లాగుతారు. తమాయించుకోగలుగుతున్నారో లేదో చూసి, పడకుండా పట్టుకుంటారు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మళ్లీ బీపీ చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దానికి వేరే జాగ్రత్తలు కావాలి.

కుర్చీలోంచి లేపకుండా, నడిపించకుండా, ఫైల్ చూసి మందు రాసి పంపితే ఆ డాక్టర్ ఎంత పేరున్నవారైనా ఇంకొకరిని వెతుక్కోవడమే మేలు. రద్దీ ఉన్న రోజు కొన్ని పరీక్షలు వదిలేయొచ్చు. నడక చూడకుండా మాత్రం వదలకూడదు.

ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలు వినండి. నిద్ర, మలబద్ధకం, మూత్రం, దిగులు, మతిమరుపు, లేనివి కనిపించడం, మింగడం. వీటిలో కొన్నైనా వాళ్లే అడగాలి. వణుకు ఒక్కదాని గురించే మాట్లాడితే సగం జబ్బే చూస్తున్నట్టు.

అడుగు 6: జబ్బు పేరు చెప్పిన తీరు చూడండి

"ఎమ్మారైలో పార్కిన్సన్స్ వచ్చింది" అని ఎవరైనా అంటే ఆగి అడగండి. ఈ జబ్బులో మామూలు ఎమ్మారై సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది. వేరే కారణాలు లేవని చూసుకోవడానికి తీస్తారు. డ్యాట్ స్కాన్ అని ఇంకోటి ఉంది. ఆ వణుకు ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే వణుకుడు జబ్బా, పార్కిన్సన్సా అన్న అనుమానం ఉన్నప్పుడు అది సాయపడుతుంది. కానీ పార్కిన్సన్స్‌నీ, దానిలాగే కనిపించే ఎంఎస్ఏ, పీఎస్పీ లాంటి జబ్బుల్నీ అది విడదీయలేదు. అందరికీ ఆ స్కాన్ అవసరం లేదు.

డాక్టర్ "ఇది పార్కిన్సన్సే అనిపిస్తోంది, మందుకు ఎలా స్పందిస్తుందో చూసి మళ్లీ ఆలోచిద్దాం" అంటే కంగారు పడొద్దు. అది తెలియకపోవడం కాదు, నిజాయితీ. కొన్నిసార్లు అసలు జబ్బు ఏదో తేలడానికి కాలం పడుతుంది.

లెవోడోపా ఈ జబ్బుకు ఇచ్చే ప్రధానమైన మందు. "లెవోడోపా పనిచేయలేదు, కాబట్టి పార్కిన్సన్స్ కాదు" అన్న మాట విన్నప్పుడు మోతాదు ఎంత దాకా వెళ్లిందో చూడండి. రోజుకు 300 మిల్లీగ్రాములతో ఆపేసి పనిచేయలేదంటే ఆ మందుకు సరైన అవకాశం ఇవ్వనట్టే. తట్టుకోగలిగితే లెవోడోపాను మెల్లగా రోజుకు 1000 మిల్లీగ్రాముల దాకా పెంచి, కనీసం ఒక నెల చూశాకే ఆ తీర్పు చెప్పడం పద్ధతి.

అడుగు 7: మందుల ప్లాన్ కాగితం మీద ఉందా?

బయటికొచ్చేటప్పటికి మీ చేతిలో టైములతో సహా రాసిన ప్లాన్ ఉండాలి. ఏ మందు ఎన్ని రోజులకు ఎంత పెంచాలి, ఏం జరిగితే ఆగి ఫోన్ చేయాలి, అన్నీ. లెవోడోపాను భోజనానికి అరగంట ముందు గానీ, గంట తర్వాత గానీ వేసుకోమంటారు. ప్రొటీన్ ఉన్న తిండి, ఐరన్ మాత్రలు దానికి అడ్డుపడతాయి. ఈ ముక్క చెప్పకపోతే మీరే అడగండి. మోతాదు పెంచకుండా టైము సరిచేసుకుంటేనే కొందరికి బోలెడు తేడా వస్తుంది.

"లెవోడోపా ఇప్పుడే వద్దు, దాచుకుందాం, తర్వాత పనిచేయదు" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. నెదర్లాండ్స్‌లో జరిగి 2019లో ఫలితాలు వచ్చిన లీప్ ట్రయల్‌లో ముందుగా మొదలుపెట్టినవాళ్లకు, 40 వారాలు ఆగి మొదలుపెట్టినవాళ్లకు చివర్లో తేడా రాలేదు. ముందు మొదలుపెడితే నష్టం కనిపించలేదు. వయసు, ఉద్యోగం, ఇబ్బంది ఎంత అన్నవి చూసి నిర్ణయించాలి. కేవలం దాచుకోవడానికని మంచాన పడి ఉండడంలో అర్థం లేదు.

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు రాస్తే ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. కొందరిలో ఇవి జూదం, విచ్చలవిడిగా కొనడం, అతిగా తినడం, అదుపులేని లైంగిక కోరికలు తెస్తాయి. పేషెంట్ సిగ్గుతో దాస్తాడు, ఇంట్లోవాళ్లు బుద్ధి చెడిందనుకుంటారు. కొంపలు మునిగాక గానీ అది మందు పని అని తెలియదు. తోడు వచ్చిన మనిషి వినేలా ఈ మాట చెప్పిన డాక్టర్‌ని నేను గౌరవిస్తాను.

వయసు పైబడినవారికి ట్రైహెక్సీఫెనిడిల్ ఏళ్ల తరబడి ఎవరూ సమీక్షించకుండా నడుస్తోందంటే, అది అవసరమా అని అడగండి. మతిమరుపు, అయోమయం పెంచే మందు అది. ఏ పార్కిన్సన్స్ మందునైనా ఒక్కసారిగా ఆపకూడదు, ముఖ్యంగా లెవోడోపాను. తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి రావొచ్చు.

అడుగు 8: డాక్టర్ ఒక్కరితో అయ్యే పని కాదు

ఫిజియోథెరపీ "తర్వాత చూద్దాం" అనేది పెద్ద పొరపాటు. నడక చెడకముందే మొదలుపెట్టాలి. మాట సరిగా వినిపించనంత మెల్లగా అయిపోతుంటే, గట్టిగా మాట్లాడడం నేర్పే ఎల్ఎస్‌వీటీ లౌడ్ అనే పద్ధతిలో శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టును అడగండి. భోజనం చేస్తూ దగ్గుతుంటే, నీళ్లకు పొరమారుతుంటే మింగే పరీక్ష వెంటనే చేయించాలి. దిగులు, ఆందోళన జబ్బులో భాగమే. వాటికి మందు, కౌన్సెలింగ్ ఉన్నాయి.

అడుగు 9: ఆపరేషన్ మాట వస్తే

డీబీఎస్ అంటే మెదడులో సన్నటి తీగలు పెట్టి కరెంటుతో ప్రేరేపించడం. పంపు ద్వారా మందు నిరంతరం ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. వీటి గురించి ఎప్పుడు ఆలోచించాలో గుర్తుపెట్టుకోవడానికి 5-2-1 అనే లెక్క వాడతారు: రోజుకు 5 లేదా అంతకన్నా ఎక్కువసార్లు లెవోడోపా, 2 గంటలు లేదా ఎక్కువసేపు మందు పనిచేయని సమయం, 1 గంట లేదా ఎక్కువసేపు ఇబ్బందిపెట్టే మెలికలు. వీటిలో ఒకటి ఉన్నా స్పెషలిస్టుతో మాట్లాడాల్సిన టైము వచ్చినట్టే. ఆపరేషన్ చేయించేయమని మాత్రం దాని అర్థం కాదు.

మంచి టీమ్ ముందు లెవోడోపా పరీక్ష చేస్తుంది. మందు లేకుండా ఒకసారి, వేశాక ఒకసారి కదలికలకు మార్కులు వేసి పోలుస్తుంది. జ్ఞాపకశక్తి, మానసిక స్థితి కూడా పరీక్షిస్తుంది. వణుకును పక్కన పెడితే, లెవోడోపాతో తగ్గని లక్షణాలు డీబీఎస్‌తోనూ సాధారణంగా తగ్గవు. తూలడం, మాట స్పష్టత, మతిమరుపు బాగుపడతాయని ఆశ పెడితే అనుమానించండి. "ఆపరేషన్ తర్వాత మిషన్ సెట్టింగులు ఎవరు చేస్తారు, ఎన్నిసార్లు రావాలి?" అని తప్పక అడగండి. ఆపరేషన్ ఒక్కరోజు, సెట్టింగులు నెలల తరబడి నడుస్తాయి.

స్పెషలిస్ట్ చాలా దూరంలో ఉంటే

స్పెషలిస్టుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించి, మధ్యలో దగ్గరి న్యూరాలజిస్ట్ గానీ ఫ్యామిలీ డాక్టర్ గానీ చూసే ఏర్పాటు చేసుకోవచ్చు. దీనికి ఒకటే షరతు: స్పెషలిస్ట్ రాసిన ప్లాన్ దగ్గరి డాక్టర్ చేతికి అందాలి. నోటి మాటతో అందిస్తే సగం మారిపోతుంది. వీడియో కాల్‌లో వేళ్లు తట్టడం, నడక, ముఖ కవళికలు చూడొచ్చు. బిగువు, భుజాలు లాగి చూసే పరీక్ష కుదరవు. కాబట్టి మొదటి విజిట్ ఎదురుగా, తర్వాతివి కొన్ని వీడియోలో అన్నది సరైన పంపకం.

తరచూ జరిగే పొరపాట్లు

వారానికో డాక్టర్‌ని మార్చడం అన్నిటికన్నా ఎక్కువగా చూస్తాం. ఒక్కొక్కరు ఒక మందు కలుపుతారు, ఎవరూ తీసేయరు. మందు మార్పు ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. రెండో అభిప్రాయం తీసుకోవడం వేరు, అది మంచిదే. "మీ మీద నమ్మకం లేక కాదు, పెద్ద నిర్ణయం కాబట్టి ఇంకొకరిని కూడా అడుగుతాం, రికార్డులు ఇస్తారా?" అని నేరుగా అడగండి. మంచి డాక్టర్ మొహం చిట్లించరు.

పక్కింటాయన మందు చీటీ చూసి పోల్చుకోవడం ఇంకోటి. ఇద్దరు పార్కిన్సన్స్ పేషెంట్ల మోతాదులు ఒకేలా ఉండాల్సిన పనే లేదు. వాడుతున్న ఆయుర్వేద మందులు దాచడం కూడా ప్రమాదమే. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. పొడి రూపంలో వాడుతుంటే డాక్టర్ లెక్క తప్పుతుంది.

సరైన చోటే ఉన్నారా? మూడు నెలలకు చూసుకోండి

అందరూ "ఇప్పుడెలా ఉంది?" అంటే "పర్లేదు" అంటాం. ఆ జవాబుతో ఏమీ తేలదు, కొలవాలి. డైరీ మళ్లీ మూడు రోజులు రాసి, 'బి' గళ్లు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. మొదటిసారి మందు వేసుకున్న గంటకు చేసి ఉంటే ఈసారీ గంటకే చేయండి, లేకపోతే పోలిక తప్పు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి. నెలలో ఎన్నిసార్లు పడ్డారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

వీటితో పాటు: డాక్టర్ పోయినసారి రాసింది గుర్తు పెట్టుకుని దాని గురించి అడిగారా? డైరీ చూశారా, పక్కన పడేశారా? మధ్యలో ఫోన్ చేస్తే జవాబు వచ్చిందా? జబ్బు మెల్లగా ముదిరే రకం కాబట్టి అంకెలు బాగుపడకపోయినా అది డాక్టర్ తప్పు కాకపోవచ్చు. ఎందుకు బాగుపడలేదో, ఇకపై ఏం చేయబోతున్నారో చెప్పలేకపోతే మాత్రం రెండో అభిప్రాయానికి వెళ్లండి.

మూడు నెలల తర్వాతి విజిట్‌లో ఇంకో కాగితం అడిగి రాయించుకోండి. వేరే ఏ జబ్బుకో, ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చూపించడానికి. అందులో మందుల టైములు, "ఈ టైములు దాటకూడదు" అన్న మాట ఉండాలి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదని ఉండాలి. రసాగిలిన్, సెలెగిలిన్ వాడుతుంటే పెథిడిన్, ట్రమడాల్, దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పేర్లు కూడా చేర్చమనండి. నోటి ద్వారా ఏమీ తీసుకోకూడని రోజుల్లో లెవోడోపా ఎలా ఇవ్వాలి, గొట్టం ద్వారానా, బదులుగా రోటిగోటిన్ ప్యాచ్ వేయాలా అన్నది స్పెషలిస్టే రాయాలి. ఒక కాపీ మందుల పెట్టెలో, ఒకటి పర్సులో పెట్టుకుని, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. మందు మారిన ప్రతిసారీ పాత కాగితం చింపేసి కొత్తది రాయించుకోండి.